మాచిపత్రి సెగ

"వేడి తెలుస్తోందా అమ్మా?" అని అడిగాడు ఉదయశంకర్.

"తెలుత్తంది బాబూ, బానే ఉంది. ఇంకొంచెం దగ్గరెట్టండి," అన్నాడు ఢిల్లేశ్వరరావు.

సెగ పెడుతున్నది ఢిల్లేశ్వరరావుకి కాదు. బల్ల మీద పడుకున్నది అతని భార్య మహాలక్ష్మి. మోకాలి చిప్పకి నాలుగు వేళ్ళ కింద, పిక్కకి బయటి వైపున, చుట్టలాంటి కాగితం గొట్టం రాజుకుంటున్నది ఆమె ఒంటి మీద. జవాబు మాత్రం పక్కన స్టూలు మీద ఆస్పత్రి సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మొగుడి నోట్లోంచి వచ్చింది. మహాలక్ష్మి అప్పటికే "కొంచెం" అనే మాటకి పెదవులు కూర్చుకుంది. దాన్ని మళ్ళీ లోపలికి మింగేసింది. ఇది ఇవాళ కొత్తగా వచ్చిన సంగతా ఏమన్నానా? పెళ్ళయిన దగ్గర్నించీ ఆవిడకి ఆకలేస్తోందో లేదో కూడా ఆయనే చెబుతాడు.

గొట్టంలో ఉన్నది మాచిపత్రి. వినాయక చవితి పూజకి పత్రిలో వేస్తామే, అదే. దాన్ని ఎండబెట్టి, దంచి, ఈనెలు ఏరేస్తే దూదిలా మెత్తగా తేలుతుంది. ఆ దూదిని కాగితంలో బిగించి చుట్టి, ఒక కొస వెలిగిస్తారు. మంట ఉండదు, నిప్పు మాత్రం ఎర్రగా రాజుకుంటుంది. ఉదయశంకర్ దాన్ని చర్మానికి తగలనివ్వకుండా కాస్త ఎత్తున పట్టుకుని, కిందకీ పైకీ ఆడిస్తున్నాడు. రెండో చేతి వేళ్ళు రెండు ఆమె కాలికి ఆనించి ఉంచాడు, సెగ ఎంత తగులుతోందో తనకీ తెలియాలని. మధ్యమధ్య బూడిదని ఇసక పళ్ళెంలోకి దులుపుతున్నాడు. గదంతా పండగనాటి పూజగదిలా చేదుచేదుగా వాసన వేస్తోంది.

"ఎర్రబడింది," అని అతను గొట్టం పక్కకి తీశాడు. "మీరు చెప్పాలమ్మా. చర్మం కమిలితే, బొబ్బ లేస్తే మీకు చాలా ప్రమాదం. ఒంట్లో తెల్లకణాలు తక్కువున్నప్పుడు చిన్న పుండు కూడా పెద్దదైపోతుంది."

"దానికి ఓపికెక్కువ బాబూ. సెప్పదు," అన్నాడు ఢిల్లేశ్వరరావు గర్వంగా.

టెక్కలిలో బట్టల కొట్టు వెనకాల రెండు బల్లలతో ఉన్న ఈ గదికి వాళ్ళు రావడం మొదలుపెట్టి నెల దాటింది. మహాలక్ష్మికి రొమ్ములో గడ్డ, దానికి విశాఖలో కీమో ఎక్కిస్తున్నారు. ఒకసారి రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయి మందు వాయిదా వేశారు. కంచిలిలో ఇచ్చిన కూతురు ప్రవల్లిక ఎక్కడో విని ఉదయశంకర్ సంగతి చెప్పింది. తాలూకా ఆఫీసు గుమాస్తా కొడుకు, విశాఖలో ఈ విద్య నేర్చుకుని వచ్చాడు. మొదటి రోజే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు: ఇది కేన్సర్‌కి మందు కాదు, కీమో వల్ల రక్తకణాలు పడిపోవడం దీనితో కొంత తగ్గుతుందని కొన్ని పరిశోధనల్లో కనిపించింది, ఇంకా గట్టిగా తేలలేదు, మీ డాక్టరమ్మ ఒప్పుకోవాలి, కీమో మాత్రం ఆగకూడదు. డాక్టరమ్మ ఫోన్లో, కాలకుండా చూసుకుంటే అభ్యంతరం లేదంది. అతను అదంతా చెబుతున్నంతసేపూ ఢిల్లేశ్వరరావు "అలగే బాబూ, అలగే" అంటూనే ఉన్నాడు. మాట పూర్తయ్యేలోపు పది అలగేలు పడ్డాయి.

తిరిగి వచ్చేటప్పుడు కాశీబుగ్గలో ల్యాబు దగ్గర దిగి, పొద్దున్న ఇచ్చిన రక్తం తాలూకు కాగితం తీసుకున్నారు. ఢిల్లేశ్వరరావు రోడ్డు మీదే నిలబడి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు. అతని మొహం విచ్చుకుంది.

"ఓలమ్మ! పాయింటు ఎనిమిది! మాలచ్చీ, సూసినావా? మన ఊళ్ళో ఎవులికుంది ఇంత మంచి రక్తం?"

అతను చూసింది క్రియాటినిన్. ఉద్దానంలో రక్తపరీక్ష కాగితం చేతిలో పడితే ఎవరైనా మొదట చూసేది ఆ ఒక్క గీతే. సగం ఊరికి కిడ్నీ జబ్బు. పెళ్ళిచూపుల్లో కూడా క్రియాటినిన్ ఎంత అని అడిగే చోటది. ఆ కాగితంలో ఇంకా బోలెడు గీతలున్నాయని, భార్య జబ్బుకి కావలసిన అంకె పైన వేరే ఉందని అతనికి తోచనే లేదు. మహాలక్ష్మికీ చదవడం అంతంత మాత్రమే. ఆమె కిడ్నీలు మొదట్నించీ నిక్షేపంలా ఉన్నాయని చెప్పేవాళ్ళు అక్కడెవరూ లేరు.

"ఈ పొగే పని సేత్తన్నాది," అన్నాడు అతను ఆటో ఎక్కుతూ. ఊరు చేరేదాకా ఆ కాగితాన్ని మడత పెట్టనే లేదు.

మంగళవారం మధ్యాహ్నం తోటికోడలు గున్నమ్మ అరుగు మీద చాప పరిచి జీడిపప్పుకి పొట్టు తీస్తోంది. మహాలక్ష్మి కూడా పలాసలో ఫ్యాక్టరీకి వెళ్ళి అదే పని చేసేది. బోర్మా అనే వేడి పెట్టెలో ఆరబెట్టిన పప్పుని బొటనవేలితో ఒక్కసారి నొక్కి తిప్పితే పొట్టు జారిపోవాలి, పప్పు విరగకూడదు. గుండు గుండుగా రావాలి, బద్ద అయితే ధర పడిపోతుంది. ఆమె తీసిన పప్పులో బద్దలు కనిపించేవి కావు. మేస్త్రీ ఆమె తట్టని తనిఖీ చెయ్యకుండానే పంపేసేవాడు.

ఇప్పుడు గడప దాటి అరుగు మీదకొచ్చి కూర్చోవడానికే మొగుడు లేని సమయం చూసుకోవాలి. దుమ్ము తగలకూడదు. నలుగురిలో కూర్చోకూడదు. మాట్లాడితే ఓపిక పోతుందని ఫోను తన దగ్గరే పెట్టుకున్నాడు. నీళ్ళు అతనే కాచి చల్లారుస్తాడు. మేక కాలేయం అతనే వండుతాడు, దానిమ్మ గింజలు అతనే ఒలుస్తాడు. వీధి వీధంతా నోరు నొక్కుకుంటుంది: అలాంటి మొగుడు ఎన్ని జన్మల పుణ్యమో! ఆ మాట విన్నప్పుడల్లా మహాలక్ష్మికి తన చుట్టూ మరో గోడ లేచినట్టుండేది. మంచివాడి మీద ఎవరితో చెప్పుకుంటాం?

"ఒక పిడికెడు ఇటియ్యక్కా," అని చెయ్యి చాపింది.

"ఆడు సూత్తే నన్ను కొరికీత్తాడు," అంటూనే గున్నమ్మ నాలుగు పప్పులు ఆమె ఒళ్ళో పోసింది.

మహాలక్ష్మి ఒకటి తీసి బొటనవేలి కింద పెట్టి నొక్కింది. వేలికొసల్లో తిమ్మిరి. కీమో మొదలైన దగ్గర్నించీ చేతులకి గుడ్డ చుట్టినట్టే ఉంటోంది. పప్పు ఎక్కడుందో, వేలు ఎక్కడుందో తెలియలేదు. రెండు బద్దలై చాప మీద పడింది. ఇంకోటి తీసింది. అదీ విరిగింది. మూడోదానికి పొట్టు సగం ఊడింది. ఆమె పట్టు వదలకుండా, కళ్ళతో చూసుకుంటూ, గోరు పక్కనించి మెల్లగా గీకింది. నాలుగోది గుండుగా వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

"ఇంక రెండు ఉన్నాయక్కా," అంది. "రెండు మందులెక్కితే అయిపోద్దని డాక్టరమ్మ సెప్పింది. గడ్డ కూడా కరిగిపోనాదంట. శుక్రవారం ఒకటి. దసరాకి నాను ఫ్యాక్టరీకెల్లిపోతాను సూడు."

గున్నమ్మ చేతులు ఆగాయి. "శుక్రవారం ఎల్తన్నారా? మరి ఆడేటి, ఎల్లటం నేదన్నాడు?"

"ఎవులన్నారు?"

"మీ ఆయనే. పొద్దున్న బోరింగు కాడ అందరితోటీ సెప్పినాడు. ఆస్పత్రోళ్ళే వాయిదా ఏసినారంట."

మహాలక్ష్మి పప్పుని చాప మీద పెట్టేసింది. ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేసి ఉంటే చెయ్యొచ్చు. ఫోను ఆయన దగ్గరే ఉంది కదా. కానీ ఇంతవరకూ రక్తం చూడకుండా వాళ్ళు ఎప్పుడూ వాయిదా వేయలేదు.

సాయంత్రం అన్నం తింటున్నప్పుడు అడిగింది. కంచంలో చెయ్యి కదుపుతూ, తల ఎత్తకుండా.

"మావా, శుక్రవారం ఎల్లాలి గదా?"

ఢిల్లేశ్వరరావు ఆమె కంచంలోకి కాలేయం ముక్కలు రెండు వేశాడు. "ఎల్లొద్దు."

"ఆస్పత్రోళ్ళు ఫోన్ సేసినారా?"

"సేసినారు. జొరమొచ్చింది, రాలేమని సెప్పీసినాను."

"నాకు జొరం నేదు గదా."

"రాకుండా నాను సూసుకుంటన్నాను," అన్నాడు. "మాలచ్చీ, నా మాటిను. ఆ మందెక్కిన ప్రతిసారీ నీ రక్తం పోతన్నాది. ఈ సెగ పెట్టినాక రక్తం బాగుపడింది. కాయితం నువ్వే సూసినావు. ఇంక ఆ మందెక్కించే కుర్చీ నీకొద్దు."

"డాక్టరమ్మ మజ్జిలో ఆపకూడదని..."

ఆమె మాట పూర్తి కాలేదు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే ఉంది. "నిన్ను పోగొట్టుకోనేనే నాను," అన్నాడు. ఇంకేం చేస్తుంది? ఎడం చేత్తో పైట కొంగు తీసి అతని మొహం తుడిచింది. ఎప్పుడూ ఇంతే. ఆమె ఏడవాల్సిన చోట అతను ముందే ఏడ్చేస్తాడు, ఆమెకి ఓదార్చే పని మిగులుతుంది. ఆ కాలేయం ముక్కలు తినకుండా కంచం నీళ్ళతో కడిగేసింది.

బుధవారం కూతురి ఫోనొచ్చింది. ఢిల్లేశ్వరరావు స్పీకరు పెట్టి ఆమె ముందు పట్టుకున్నాడు, చెవి దగ్గర పెట్టుకుంటే వేడి మంచిది కాదని.

"అమ్మా, వాయిదా ఏసినారంట గదా. నాన్న సెప్పినాడు. పోన్లే, కాస్త తేరుకుంటావు," అంది ప్రవల్లిక.

మహాలక్ష్మి మొగుడి వైపు చూసింది. అతను ఆశగా, భయంగా, చిన్నపిల్లాడిలా ఆమెనే చూస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట అంటే కూతురి ముందు మొగుణ్ణి అబద్ధాలకోరుని చెయ్యాలి. అల్లుడికి తెలుస్తుంది, వియ్యంకులకి తెలుస్తుంది.

"ఏటమ్మా, మాటాడవు?"

"దానికి నీరసంగా ఉందే," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "మల్లీ సేత్తాం." ఫోను పెట్టేశాడు.

ఆ రోజంతా మహాలక్ష్మి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. సుమ్మాదేవి స్టేషను వైపు వెళ్ళే రైలు కూత వినిపించినప్పుడల్లా ఒళ్ళు ఉలిక్కిపడింది. లేచి వెళ్ళిపోతే? స్టేషను దాకా నడిచే ఓపిక కాళ్ళలో లేదు. చేతిలో ఫోను లేదు. తలుపు బయట దానిమ్మ ఒలుస్తున్న చప్పుడు. చావు భయం ఆమెకి ఇదివరకూ ఉంది, ఆస్పత్రి మెట్లెక్కిన మొదటి రోజునించీ ఉంది. కానీ ఇంత ప్రేమగా, ఇంత మెల్లగా, గింజ గింజా తినిపిస్తూ తనని చావులోకి తీసుకుపోతారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక దిండు కొస పళ్ళతో కొరికింది.

గురువారం పొద్దున్న టెక్కలి వెళ్ళే రోజు. దానికి మాత్రం ఢిల్లేశ్వరరావు తెల్లారకముందే లేచాడు. ఆస్పత్రి సంచీలో కాగితాలన్నీ సర్దుకున్నాడు, బాబుకి ఆ మంచి అంకె చూపించాలని.

ఉదయశంకర్ గొట్టం కొస వెలిగించి, ఊదుతూ అడిగాడు. "రేపు కీమో కదా? రాత్రికి బయల్దేరతారా?"

"నేదు బాబూ," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "ఆస్పత్రోళ్ళే వాయిదా ఏసినారు. మీరు ఇంకో నెల్లాళ్ళు గట్టిగా సెగ పెట్టండి. రోజూ రమ్మన్నా వత్తాం."

"ఎందుకు వేశారు?"

"అదే, రక్తం తక్కువని."

ఉదయశంకర్ నమ్మాడు. నమ్మకేం చేస్తాడు? తల ఊపి, స్టూలు దగ్గరికి లాక్కుని, ఆమె మోకాలి కింద చోటు వేళ్ళతో కొలుచుకున్నాడు. నిప్పు కొస దగ్గరికి వచ్చింది. మొదట గోరువెచ్చగా, హాయిగా ఉంది. తర్వాత ఆ వేడి ఒకచోట చేరి లోపలికి దిగడం మొదలుపెట్టింది.

"తెలుస్తోందా అమ్మా?"

"బానే ఉంది బాబూ. కానివ్వండి."

వేడి సూదిమొనలా అయింది. మహాలక్ష్మి కళ్ళు మూసుకుంది. గోడకి తగిలించిన ఫ్యాను కీచుమంటోంది. పక్కన మొగుడు కాగితం విప్పుతున్న చప్పుడు వినిపించింది. ఇంకో నెల్లాళ్ళు. రోజూ. ఇలాగే పడుకుని ఉంటుంది, ఆయన బానే ఉందంటూ ఉంటాడు, గడ్డ మళ్ళీ పెరుగుతుంది. పెరిగినప్పుడు కూడా నొప్పి లేదని ఆయనే చెబుతాడు.

"తీసియ్యండి బాబూ," అంది.

ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఉదయశంకర్ చప్పున చెయ్యి వెనక్కి తీశాడు.

"పర్నేదు బాబూ, దానికి..."

"ఒల్లు నాది మావా," అంది మహాలక్ష్మి, పైకప్పునే చూస్తూ. "వేడి నాకు తెలుత్తాది. నీకెలగ తెలుత్తాది?" ఆపైన ఊపిరి తీసుకుంది, ఇక ఆగితే మళ్ళీ నోరు పెగలదని. "బాబూ, ఆస్పత్రోళ్ళు వాయిదా ఎయ్యనేదు. నాకు జొరమని ఈయనే సెప్పీసినాడు. నాను ఎల్తాననే అన్నాను. నాకు ఆ మందు గావాల."

పక్క బల్ల మీద మెడనొప్పికి వచ్చిన ముసలాయన కళ్ళు తెరిచాడు. ఉదయశంకర్ గొట్టం కొసని ఇసకలో గుచ్చాడు. పొగ సన్నగా లేచి ఆగిపోయింది.

"ఎందుకలా చేశారండీ?" అన్నాడు.

ఢిల్లేశ్వరరావు కాగితం ముందుకి చాపాడు. "సూడండి బాబూ. పాయింటు ఎనిమిది. మీ సెగతోటే గదా! రక్తం ఇంత బాగున్నప్పుడు మల్లీ ఆ ఇసం ఎందుకెక్కించాల?"

ఉదయశంకర్ కాగితం చూశాడు. "ఇది కిడ్నీల లెక్కండీ. ఈవిడ కిడ్నీలు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. నా సెగకీ దీనికీ సంబంధం లేదు. మనకి కావలసింది ఇదీ, తెల్లకణాల లెక్క," అని పైన వేలు పెట్టాడు. "ఇది కొంచెం తక్కువగానే ఉంది. అంత భయపడేంత కాదు. రేపు అక్కడ మళ్ళీ చూస్తారు. చాలకపోతే కణాలు పెరిగే ఇంజెక్షను ఇస్తారు. ఆ మందు మానేస్తే నేను ఈ గొట్టం వెలిగించను. వెలిగించినా దండగే."

ఢిల్లేశ్వరరావు మొహంలో రక్తం లేదు. ఈ నాలుగు రోజులూ ఊరంతా తిరిగి చూపించుకున్న అంకె అది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలవాటుగా మహాలక్ష్మి వైపు చూశాడు.

ఆమె లేచి కూర్చుంది. చీర కుచ్చిళ్ళు కాళ్ళ మీదకి లాక్కుంది. అతని మొహం తుడవలేదు. చెప్పులు వెతుక్కుని వేసుకుని, "ఎల్లొత్తాం బాబూ. ఆ మందెక్కినాక మల్లీ వత్తాను," అంది.

బస్సులో ఆమె ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. అతను వెనకాల కడ్డీ పట్టుకు నిలబడ్డాడు. అతనికి కోపంగా ఉందని ఆమెకి తెలుసు. పరాయివాళ్ళ ముందు పరువు తీసిందని. ఇంటికెళ్ళాక ఏమంటాడో కూడా తెలుసు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

కాశీబుగ్గలో దిగారు. ఊరెళ్ళే మందస ఆటోలు ఎడం వైపు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు కేకలేస్తున్నారు. ఢిల్లేశ్వరరావు అటు నడిచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే మహాలక్ష్మి రైల్వే స్టేషను రోడ్డు పట్టి వెళుతోంది. మెల్లగా, కొట్ల గోడలు పట్టుకుంటూ, ఆగుతూ.

"ఏటది? ఎక్కడికే?" అని పరుగెత్తాడు.

"విశాపట్నం. సాయంత్రం బండి ఉంది గదా. కాయితాలు సంచీలోనే ఉన్నాయి."

"గుడ్డల్నేవు, ఏటీ నేదు..."

"ఒక్క పూటకి గుడ్డలేటికి?"

అతను ఆమె పక్కనే నడిచాడు. ఆమె ఆగినప్పుడు ఆగాడు. చెయ్యి పట్టుకోబోతే ఆమె గోడనే పట్టుకుంది. స్టేషనులో టికెట్ల కిటికీ ముందు జనం వరస కట్టి ఉన్నారు. ఆమె చివర నిలబడింది. నుదుటి మీద చెమట పట్టింది.

"మా అన్న త్రినాథు గేపకమున్నాడా నీకు?" అన్నాడు ఢిల్లేశ్వరరావు. "డయాలిసిస్ కుర్చీలో కూకోబెట్టినారు. వారానికి రెండుసార్లన్నారు, మూడన్నారు. ఎక్కినోడు మల్లీ దిగనేదు. సచ్చేదాకా ఎక్కించినారు. ఊళ్ళో ఎవులు దిగినారే ఆ కుర్చీ? నువ్వూ అలగే... సచ్చేదాకా ఎక్కించుకుంటానే ఉండాలి గదా. అదే సూడ్లేక..."

మహాలక్ష్మి అతని వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత అతని మొహాన్ని నిజంగా చూసింది.

"సచ్చేదాకా ఏటి మావా? ఇంక రెండే గదా."

"రెండేటి?"

"రెండు మందులు. రేపొకటి, ఆ తర్వాత ఇంకోటి. అంతే. అయిపోద్ది."

ఢిల్లేశ్వరరావు సంచీ కిందకి జారింది. "అయిపోద్దా?" అన్నాడు. "మరి ఇంక ఎక్కించరా?"

"ఎక్కించరు."

"నాకెవులూ సెప్పనేదే!" అని దాదాపు అరిచాడు. వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. "ఎవులూ సెప్పనేదు నాకు!"

"డాక్టరమ్మ సెప్పింది," అంది మహాలక్ష్మి. "నీ ఎదరే సెప్పింది. అప్పుడు నువ్వు మాటాడతన్నావు."

అతను వంగి కింద పడ్డ సంచీ తీసుకున్నాడు. ముందున్న మనిషి టికెట్టు తీసుకుని పక్కకి తప్పుకున్నాడు. వరస ఒక అడుగు జరిగింది, మహాలక్ష్మి కూడా జరిగింది.